కొలువులో మన లోగిలి
లేజర్‌ బొమ్మరిల్లు.. ఎంచుకోవడమెలా? కట్టడమెలా?

దసరా దగ్గరపడితే హోసూరు, బెంగళూరు, చెన్నైల్లోని తెలుగిళ్లలో అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. పాత చీర పీలికల్లో చుట్టిన బొమ్మలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్కపిడతలు, చన్నపట్న గుర్రాలు.. అన్నీ ఉంటాయి. వాటికో ఇల్లు మాత్రం ఉండదు. ఒకప్పుడు చెప్పుల డబ్బాకు కిటికీలు కోసి ఇల్లనిపించేవారు. ఇప్పుడు లేజర్‌తో కోసిన చెక్క పలకల కిట్లు దొరుకుతున్నాయి. పలకల్లోంచి ముక్కలు విడదీసి, గాళ్లలో బిగించి, అతికిస్తే బొమ్మరిల్లు సిద్ధం. కానీ చాలామంది పెట్టె మీది బొమ్మ చూసి కొనేస్తారు. తీరా కట్టాక అవ్వ ఇచ్చిన బొమ్మ గుమ్మంలో పట్టదు!

ముందు బొమ్మను కొలవండి

కిట్‌ మీద 1:12 అనో, 1:24 అనో రాసి ఉంటుంది. 1:12 అంటే అసలు ఇంట్లో అడుగు ఇక్కడ అంగుళం. అయిదున్నర అడుగుల మనిషి అయిదున్నర అంగుళాల బొమ్మవుతాడు. 1:24లో అందులో సగం. ఇంగ్లండులోని విండ్సర్‌ కోటలో ఉన్న క్వీన్‌ మేరీ బొమ్మరిల్లు 1:12 కొలతదే. న్యూఢిల్లీకి రూపమిచ్చిన ఎడ్విన్‌ లుట్యెన్స్‌ దాని నమూనా గీశారు. 1924లో అది పూర్తయింది.

మన కొలువుకు ఏది కుదురుతుంది? ఇంట్లో ఉన్న బొమ్మలను స్కేలుతో కొలిస్తే తేలిపోతుంది. నిలబడ్డ బొమ్మ 5, 6 అంగుళాలుంటే 1:12 తీసుకోవాలి. మూడంగుళాల లోపుంటే 1:24 చాలు. చోటు కూడా చూసుకోవాలి. 24 అడుగుల ఇల్లు 1:12లో రెండడుగులు ఆక్రమిస్తుంది. కొలువు మెట్టు అడుగు వెడల్పే ఉంటే ఆ ఇల్లు నేల మీద పెట్టాల్సిందే.

ఏ చెక్క మేలు?

ఎక్కువ కిట్లు 3 మిల్లీమీటర్ల మందం ఎండీఎఫ్‌తోనో, ప్లైవుడ్‌తోనో వస్తాయి. చెక్క పీచును జిగురుతో కలిపి అదిమి చేసేది ఎండీఎఫ్‌. నునుపుగా ఉంటుంది. ధరా తక్కువే. కానీ తేమ పీలిస్తే ఉబ్బుతుంది. చెన్నై, యానాం, బరంపురం లాంటి చోట్ల అంచులతో సహా రంగు పూయకుండా వదిలేస్తే వానాకాలంలోనే తేడా తెలుస్తుంది. ప్లైవుడ్‌ గట్టిది. అయితే పలుచటి పలక వంగే గుణం ఉంది. కొనేముందు బల్ల మీద పరిచి చూడాలి. మూలలు లేస్తుంటే వద్దనుకోవడమే మంచిది. చిన్న చిన్న ముక్కలుంటాయి కాబట్టి మూడేళ్ల లోపు పిల్లల చేతికి అసలే ఇవ్వకూడదు.

అంచులు నల్లగా ఉన్నాయని కంగారు పడనక్కర్లేదు. లేజర్‌ రంపంలా కోయదు. కాల్చుకుంటూ పోతుంది. చెక్క కోతకు ఎక్కువగా వాడేది కార్బన్‌ డయాక్సైడ్‌ లేజర్‌. దాన్ని 1964లో అమెరికాలోని బెల్‌ ల్యాబ్స్‌లో కనిపెట్టిన కుమార్‌ పటేల్‌ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవారే. ఆ మసిని పొడి గుడ్డతో తుడిచి, ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దితే చాలు. గట్టిగా అరగదీస్తే గాడిలో పట్టు పోతుంది.

తొందరపడితే ఇల్లు వంకర

మొదట ముక్కలను సూచనల కాగితంతో సరిచూసుకోవాలి. అన్నిటినీ ఒకేసారి విడదీయొద్దు. ఏది కావాలో అదే తీయాలి. జిగురు పూయకముందు కాగితం టేపుతో ఇల్లంతా ఒకసారి నిలబెట్టి చూడాలి. ఏ గోడ ముందు, ఏది తర్వాత అన్నది అప్పుడే తెలుస్తుంది. తర్వాత విప్పి లోపలి గోడలకు రంగులేయాలి. కప్పు పడ్డాక కుంచె మూలల్లోకి వెళ్లదు. గాళ్లలోకి మాత్రం రంగు పోనీయొద్దు. ఆ పూత మందానికే ముక్క దూరడం మానేస్తుంది. చిన్న దీపాలు పెట్టాలనుకుంటే తీగలు కూడా అప్పుడే లాగాలి.

అతికించడానికి ఫెవికాల్‌ లాంటి తెల్ల జిగురు చాలు. ఆరేలోపు సరిచేసుకునే వీలుంటుంది. క్షణంలో పట్టుకునే జిగురు ఆ అవకాశమివ్వదు. దాని ఆవిరికి కిటికీ ప్లాస్టిక్‌ అద్దాలు పొగచూరినట్లు తెల్లబారతాయి కూడా. మొదటి రెండు గోడలు కలిపేటప్పుడు మూలమట్టం పెట్టి చూడాలి. అక్కడ వెంట్రుకవాసి వంకరున్నా పైకప్పు దగ్గరికి వచ్చేసరికి సందు కనిపిస్తుంది. టేపు బిగించి ఓ రాత్రి వదిలేయాలి.

తాత చెబితే.. మనవరాలు గీస్తే

దొరికే కిట్లలో ఎక్కువ ఐరోపా, అమెరికా తరహా ఇళ్లే. కొండపల్లి పల్లెపడుచును అందులో నిలబెడితే చుట్టపుచూపుగా వచ్చినట్లుంటుంది. దీనికో దారి ఉంది. నేమ్‌ప్లేట్లు కోసే లేజర్‌ దుకాణాలు నగరాల్లో చాలా ఉన్నాయి. కొలతలతో కంప్యూటర్లో గీసిన గీతల బొమ్మ ఇస్తే మన ఇంటినే కోసిస్తాయి. మూడు మిల్లీమీటర్లని అమ్మే పలక సరిగ్గా మూడే ఉండదు. లేజర్‌ దారిలో కొంచెం చెక్క కాలిపోతుంది కూడా. కాబట్టి ముందు ఒక గాడి, ఒక ముక్క కోయించి బిగువు చూసుకున్నాకే మిగతా పని చెప్పాలి. చెక్క బదులు పీవీసీ షీటు కోయమని అడగొద్దు. లేజర్‌ తగిలితే విషవాయువు వస్తుంది.

గీయడానికి కూర్చున్నప్పుడే అసలు పని మొదలవుతుంది. నడుమ ఆకాశం కనిపించే ఇంటిని కన్నడ బడిలో చదివే పిల్ల ‘తొట్టి మనె’ అంటుంది. తమిళ బడి పిల్లాడికి ఆ నడుమ చోటు ‘ముట్రం’. మండువా అన్న మాట తాతతోనే ఆగిపోయింది. వాన నీళ్లు జారే అంచుకు పేరేమిటి? చూరు. పైకప్పు మోసేది? దూలం. దాని మీద వరసగా పరిచేవి? వాసాలు. వీధి వైపు కూర్చునే చోటు కొందరికి అరుగు, కొందరికి తిన్నె. ఇవన్నీ పుస్తకంలో చదివితే పిల్లలకు ఓ పట్టాన గుర్తుండవు. ఆ ముక్కను చేత్తో పట్టుకుని, గాడిలో బిగించి, ఆరేదాకా అదిమిపట్టుకుంటే గుర్తుంటాయి.

పండగ అయ్యాక బొమ్మలు మళ్లీ పెట్టెలోకి పోతాయి. కింద నుంచి అరుగు విరిగిందనో, చూరు ఊడిందనో కేక వినిపిస్తే.. ఆ ఇల్లు నిలబడినట్టే!