పాత పాల వ్యానుకు కొత్త రంగు: తక్కువ ఖర్చులో మరమ్మతు ఎట్లా?

పాల సంఘానికి సొంత వ్యాను ఉండటం గొప్ప సౌకర్యం. కాని ఆ వ్యాను పదేళ్లు దాటేసరికి పాలకవర్గం ముందుకు ఏటేటా ఒకే ప్రశ్న వస్తుంది. అమ్మివేయటమా, అప్పు చేసి కొత్తది కొనటమా, ఉన్నదాన్నే బాగు చేయించుకోవటమా? మూడింటిలో ఏది చేసినా డబ్బు సభ్యుల పాల సొమ్ములో నుంచి రావలసిందే. వ్యాను మీద వృథా అయిన ప్రతి రూపాయీ సంవత్సరాంతంలో పంచే బోనసులో తగ్గుతుంది. కనుక ఇది డ్రైవరుకో కార్యదర్శికో వదలివేయదగిన విషయం కాదు.

తనిఖీలకు వెళ్లినపుడు మేము తరచు చూసేది ఒకటి ఉంది. వ్యాను పాతబడిందనగానే ముందుగా రంగు వేయిస్తారు. ఒక సంఘం ఇట్లాగే వేసవిలో తళతళలాడే రంగు వేయించింది. వానలు వెనకబట్టేసరికి తలుపుల అడుగున రంగు బుడగలుగా లేచింది. మరుసటి ఏడు అదే చోట రేకు కోసి, కొత్త రేకు అతికించి, మళ్లీ రంగు వేయించవలసి వచ్చింది. ఒకే పనికి రెండు బిల్లులు. తుప్పు తీయటం మొదటి పని, రంగు వేయటం చివరి పని. ఈ వరుస తప్పితే ఖర్చు రెట్టింపవుతుంది.

పాల వ్యానుకు తుప్పు ఎందుకు ఎక్కువ?

మామూలు సరుకుల వ్యాను కంటే పాల వ్యాను త్వరగా తుప్పు పడుతుంది. క్యానుల నుంచి ఒలికిన పాలు రబ్బరు చాప కిందికి చేరి పులుస్తాయి. ఆ పులుపు ఇనుమును తింటుంది. రోజూ కడిగే నీరు, బ్లీచింగ్ కలిపిన నీరు కూడా అక్కడే నిలుస్తాయి. పైనుంచి చూస్తే నేల బాగానే ఉంటుంది. చాప ఎత్తి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

విదేశాలలో పాత వ్యాన్లలో పడక, పొయ్యి అమర్చుకొని ఊళ్లు తిరిగేవారు ఉన్నారు. 1950లో తయారీ మొదలైన వోక్స్‌వ్యాగన్ వ్యాన్లను నేటికీ బాగు చేయించి వాడుతున్నారు. వారు కూడా పాత బండి చూడగానే ముందు నేల కిందకి, తలుపుల అడుగుకి, చక్రాల పైకప్పులోకి తొంగి చూస్తారు. నీరు నిలిచే చోటే తుప్పు పుడుతుంది. బండిలో పడక ఉన్నా, పాల క్యానులున్నా ఇనుము గుణం ఒక్కటే.

ముందుగా పరీక్ష

ఖర్చు లేకుండా ఒక పూటలో చేయగల పరీక్ష ఇది. రబ్బరు చాప, చెక్కలు పూర్తిగా తీయించండి. చిన్న సుత్తితో నేల రేకును, అడ్డ దూలాలను, తలుపుల అడుగును, క్యాబిన్ మెట్లను తట్టండి. గట్టి ఇనుము ఖణేలుమంటుంది. కుళ్లిన ఇనుము చప్పగా మోగుతుంది. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కండి. మొన దిగబడితే ఆ రేకు మార్చవలసిందే. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడిపోతే తలుపు లోపల నీరు నిలుస్తుంది. తీగతో పొడిచి తెరిపించండి.

ఛాసిస్ పొడవు దూలాలలో పగులు గాని, లోతైన తుప్పు గాని కనిపిస్తే అక్కడ ఆగాలి. దానికి ఏ షెడ్డులోనో అతుకు వేయించడం ప్రమాదం. కంపెనీ అధీకృత వర్క్‌షాపులో చూపించి, వారు లాభం లేదంటే బండిని వదులుకోవటమే మేలు. మరమ్మతు అంచనా ఆ వ్యానుకు మార్కెట్టులో వచ్చే ధరలో సగం దాటితే మరమ్మతు ఆలోచన మానుకొమ్మని మేము సంఘాలకు చెబుతుంటాము. ఇది చట్టం కాదు, అనుభవం మీద పెట్టుకున్న హద్దు.

వంద రూపాయల పంపకం

ఛాసిస్ గట్టిగా ఉంటే బడ్జెట్టును ఈ విధంగా పంచుకోవచ్చు. ప్రతి వంద రూపాయలలో 40 తుప్పు తీయటానికి, రేకు మార్చి వెల్డింగు చేయించటానికి. 25 బ్రేకులు, స్టీరింగు, టైర్లకు. 10 వైరింగు, దీపాలకు. 15 ప్రైమరు, పుట్టీ, రంగుకు. మిగిలిన 10 అనుకోకుండా బయటపడే పనికి. చాప ఎత్తిన తరువాత అనుకోని పని బయటపడని పాత వ్యాను అరుదు. బ్రేకుల డబ్బు తీసి రంగు మీద పెట్టటం మాత్రం ఎన్నడూ చేయరాదు. ఆ బండిలో పాలతో పాటు మన డ్రైవరు, క్లీనరు కూడా ప్రయాణిస్తున్నారు.

ఎప్పుడు చేయించాలి?

వానాకాలంలో రంగు పని పనికిరాదు. గాలిలో తేమ ఉంటే శుభ్రం చేసిన ఇనుము కొద్ది గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది. ఎన్.సి. రంగులైతే తెల్లగా పాలిపోతాయి. చలికాలం పొడిగా ఉన్నా, గేదెలు నిండుగా పాలిచ్చే కాలం అది. వ్యాను ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండదు. కాబట్టి పాలు తగ్గే చైత్ర వైశాఖాలే అనుకూలం. ఆ రోజుల్లో అద్దె ఆటోతో పాల రవాణా గడుస్తుంది. ఎండలో కాలిన రేకు మీద మాత్రం రంగు వేయనీయకండి. నీడన, ఉదయం పూట వేయించండి.

ఎక్కడ చేయించాలి?

నగరానికి పాలు తెచ్చే సంఘాలకు బోరబండ వైపు అనుకూలమైన చోటు. పక్కనే సనత్‌నగర్ పారిశ్రామికవాడ ఉంది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ కర్మాగారం అక్కడే ఉండేది; ఆర్టీసీ బస్సులకు బాడీలు కట్టింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. కాని రేకు పని, వెల్డింగు, టింకరింగ్ చేసే చిన్న షెడ్లు ఆ చుట్టుపక్కల కనిపిస్తాయి. ఇనుప రేకులకు ఫతేనగర్, విడిభాగాలకు రాణిగంజ్ దూరం కాదు. రేకు, ప్రైమరు, రంగు సంఘమే బిల్లు మీద కొని ఇచ్చి, షెడ్డుకు కూలి మాత్రమే మాట్లాడుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది.

వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పించాలి. డీజిలు ట్యాంకు దగ్గర పని ఉంటే ట్యాంకు దింపించాలి. పాలపెట్టె గోడల్లో చల్లదనం కోసం నింపిన ఫోము నిప్పు రవ్వకు అంటుకుంటుంది. దాని పక్కన వెల్డింగు చేయనీయరాదు.

రంగు వేసే వరుస

మొదట వేడినీటిలో చాకలి సోడా కలిపి జిడ్డు పోయేట్లు కడిగి ఆరనివ్వాలి. తుప్పును ఇనుప బ్రష్షుతో, గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకించాలి. మూలల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పూసి, కడిగి, బాగా ఆరబెట్టాలి. ఆ రోజే ప్రైమరు పడాలి. రాత్రంతా ఉత్త ఇనుము వదలరాదు. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక గీకేవారు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

సొట్టలను సుత్తితో సరిచేసిన తరువాతే పుట్టీ. సొట్టనంతా పుట్టీతో నింపితే గతుకుల రోడ్డు మీద పెళ్ళలుగా ఊడుతుంది. పుట్టీ ఆరాక నీళ్ల కాగితంతో రుద్ది, ఆరబెట్టి, మరొకసారి ప్రైమరు వేయించి, ఆపై రంగు. మందంగా ఒక పూత కంటే పలచగా రెండు పూతలు మేలు. సింథటిక్ ఎనామిల్ చవక, మన పనికి చాలు. గట్టిదనం కోసం హార్డెనరు కలిపే రంగుల ఆవిరి ఊపిరితిత్తులకు హాని. తగిన ముసుగు, గాలి ఆడే గది లేని చోట వాటిని స్ప్రే చేయించవద్దు.

రంగు ఎంత పడుతుందో లెక్క కట్టవచ్చు. పెట్టె పొడవు 10 అడుగులు, వెడల్పు, ఎత్తు అయిదున్నర అడుగుల చొప్పున అనుకుందాం. పక్కలు, పైకప్పు, ముందు వెనకలు కలిపి సుమారు 225 చదరపు అడుగులు, అంటే 21 చదరపు మీటర్లు. రెండు పూతలకు 42. లీటరు సుమారు 10 చదరపు మీటర్లకు వస్తే నాలుగు లీటర్ల పైచిలుకు. స్ప్రేలో వృథా కలిపి అయిదారు లీటర్లు. ఈ కొలత పెట్టెకు ఎవరైనా పది లీటర్లు రాస్తే లెక్క అడగండి.

పైకప్పుకు తెలుపే వేయించండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. లోపలి పాలు అంత త్వరగా వేడెక్కవు. క్యానుల లోపల గాని, పాలు తగిలే మరే చోట గాని రంగు వేయరాదు. పాలలోని వెన్న వాసనలను ఇట్టే పీలుస్తుంది. రంగు, థిన్నరు వాసన పూర్తిగా పోయేదాకా తలుపులు తెరిచి ఉంచి, ఆ తరువాతే క్యానులు ఎక్కించండి. ఒక్క పూట తొందరపడితే చిల్లింగ్ కేంద్రంలో పాలు తిప్పి పంపవచ్చు.

కాగితాలు మరవవద్దు

పని మొదలు పెట్టక ముందే పాలకవర్గ తీర్మానం, మూడు కొటేషన్లు ఉండాలి. అడ్వాన్సు మూడో వంతు మించవద్దు. తీసిన పాత భాగాలు సంఘానికి తిరిగి రావాలి. రేకు పని ముగిశాక, ప్రైమరు వేయక ముందు ఇద్దరు సభ్యులు వెళ్లి చూసి సంతకం చేయాలి. రంగు పడిన తరువాత లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

వ్యాను రంగు ఆర్.సి.లో రాసి ఉంటుంది. వేరే రంగుకు మారితే రవాణా శాఖలో నమోదు చేయించాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిలో చేసిన మార్పును 14 రోజులలో తెలియజేయాలి. బండి మీద అప్పు ఉంటే ముందుగా బ్యాంకు సమ్మతి తీసుకోండి. పాత రంగే మళ్లీ వేయిస్తే రంగు మార్పు నమోదు పని తప్పుతుంది. రిఫ్లెక్టరు పట్టీలు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనుక ఎరుపు ఉండాలి. రంగు పనికి తీసినవి తిరిగి అంటించారో లేదో చూసుకోండి.

పని ముగిశాక నెలకొకసారి చాప ఎత్తి, నేల కడిగి, ఆరబెట్టి, నీటి రంధ్రాలు పొడవటం డ్రైవరు పనుల్లో చేర్చండి. రంగు రాలిన చోట వెంటనే కొద్దిగా ప్రైమరు పూయించండి. దానికయ్యే కాస్త ఖర్చుకు వెనుకాడితే మళ్లీ రేకు కోయించవలసి వస్తుంది. రాబోయే సర్వసభ్య సమావేశంలో మీ వ్యాను సంగతి చర్చకు వచ్చేలోపు ఎవరైనా ఇద్దరు సభ్యులు సుత్తి పట్టుకొని ఒకసారి దాని నేల తట్టి చూసి రండి. చర్చ అక్కడ నుంచి మొదలు కావాలి.