గిటార్‌కి రంగులు... భుజానికి మోతలు!

తెర మీద హీరో గిటార్ పట్టుకుని గిరగిరా తిరిగేస్తుంటే మనం ఈలలు వేస్తాం. అదేదో దూదిపింజ అనుకుంటాం! అసలు సిసలు ఎలక్ట్రిక్ గిటార్ మెడలో వేసుకుని మూడు గంటలు నిలబడి వాయించి చూడండి... మర్నాడు ఆ భుజం మీది కాదు!

ఈ సంగతి మా అన్నయ్యని చూసి తెలుసుకున్నాను. ఒకప్పుడు విజయవాడ దసరా పందిళ్లలో ఆర్కెస్ట్రాకి వాయించేవాడు. పాత గిటార్ కొని, కార్లకు రంగులేసే షెడ్డులో నెమలికంఠం నీలం కొట్టించి, దాని మీద నారింజ రంగు మంటలు తనే వేసుకున్నాడు. కిరాణా కొట్టు కాటా మీద పెడితే అక్షరాలా ఐదు కిలోలు! చివరికి భుజం నెప్పితో వాయించడమే మానేశాడు. మొన్న సంక్రాంతికి దాన్ని నా చేతిలో పెట్టి, "ఆ రంగంతా గీకించెయ్‌రా, తేలికవుతుంది" అన్నాడు.

గీకించాలా, వద్దా? నాకు నిద్రపట్టలేదు.

కారు షెడ్డు అనగానే నవ్వకండి! అమెరికాలో ఫెండర్ కంపెనీ వాళ్లు 1950లు, 60లలో కోరినవారికి వేసిచ్చిన రంగుల్లో చాలా భాగం కార్ల రంగులే. ఇక బీటిల్స్ జార్జ్ హారిసన్ అయితే 1967లో తన స్ట్రాటోకాస్టర్‌కి కళ్లు జిగేల్మనే రంగులు స్వయంగా పూసుకున్నాడు. అది చాలక భార్య పాటీ గోళ్ల రంగు కూడా వాడేశాడు! దానికి 'రాకీ' అని పేరు. తమాషా ఏమిటంటే, ఆ డిసెంబరులో 'మాజికల్ మిస్టరీ టూర్' చిత్రాన్ని బి.బి.సి. మొదటిసారి ప్రసారం చేసింది బ్లాక్ అండ్ వైట్‌లో. పాపం, అంత రంగూ బూడిద పాలు!

మరుసటి ఏడాది బీటిల్స్ మన రిషీకేశ్ వచ్చారు. రంగు తీసేస్తే గిటార్ బాగా పలుకుతుందని అక్కడ గాయకుడు డోనోవన్ వాళ్లకి నూరిపోశాడట. జాన్ లెనన్ తన ఎపిఫోన్ కాసినోని గీకించి ఉత్త చెక్క చేసేశాడు. 1970లో వచ్చిన 'లెట్ ఇట్ బి' చిత్రంలో, మేడ మీద కచేరీలో అతని చేతిలో ఉన్నది అదే. హారిసన్ మాత్రం రాకీ జోలికి పోలేదు!

ఇంతకీ ఎవరిది రైటు? కాసినో లోపల డొల్ల. దాని చెక్క బాగా అదురుతుంది కాబట్టి రంగు సంగతి కొంత ఆలోచించాలి. గట్టి చెక్క గిటార్‌లో అలా కాదు. తీగల అదురుని అయస్కాంతాల పికప్‌లు పట్టుకుంటాయి. రంగు పాత్ర బహు స్వల్పం.

మరి బరువో? అదంతా చెక్కదే! ఒకే కొలతకి కోసినా చిక్కటి చెక్క బరువు, గుల్ల చెక్క తేలిక. స్ట్రాటోకాస్టర్ మూడున్నర కిలోలు ఉంటే, మహాగనీ మీద మేపుల్ అతికించిన గిబ్సన్ లెస్ పాల్ నాలుగు దాటుతుంది. 1970లలో వచ్చినవి కొన్ని మరీ మోత. అందుకే 1980లలో గిబ్సన్ వాళ్లు పైకి కనబడకుండా లోపల రంధ్రాలు తొలిచి బరువు తగ్గించారు.

అయినా అనుమానం తీరక షెడ్డు మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూసి, "రంగంతా గీకినా పావు కిలో రాదు బాబూ, మంచి బొమ్మ పాడుచేసుకోవడం తప్ప" అన్నాడు.

అంతే! గీకించలేదు. నాలుగు వేళ్ల వెడల్పు తోలు బెల్టు కుట్టించి, అన్నయ్య ముందు పెట్టాను. మంటల బొమ్మ వంక కాసేపు చూశాడు. బెల్టు పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, గిటార్ తొడ మీద పెట్టుకున్నాడు.

"శ్రుతి తప్పిందిరా" అన్నాడు, బిరడాలు తిప్పుతూ.