గంజాయి మొక్క ఎదిగే తీరు
1753లో లిన్నేయస్ కెనబిస్ సటైవా అని పేరు పెట్టిన మొక్కకు ఒకే రూపం లేదు. 1924లో రష్యాలో వేరుగా గుర్తించిన రుడెరాలిస్ పొట్టిది. పగటి నిడివితో పనిలేకుండా వయసును బట్టి పూతకొస్తుంది.

నార కోసం పెంచే గంజాయి రకమైన హెంప్‌లో కావలసింది కొమ్మలు లేని నిటారు కాండం. (మన జనుము దీనికి చుట్టం కాదు, అది చిక్కుడు కుటుంబపు మొక్క.) అందుకు వంగడం ఒక్కటే చాలదు. విత్తనం ఒత్తుగా వేస్తే మొక్కలు వెలుతురు కోసం పోటీపడి సన్నగా పైకి సాగుతాయి. అదే విత్తనం ఎడంగా వేస్తే గుబురుగా విస్తరిస్తుంది. అందుకే కొత్త వంగడానికి తల్లి మొక్కలను ఎంచేవారు అన్నింటినీ ఒకే ఎడంలో పెంచి పోల్చి తీరాలి. లేకపోతే చోటు ఇచ్చిన రూపాన్ని వంశగుణమని పొరబడతారు.

గింజ పంటకు పొట్టి రకాలే మేలు, కోత యంత్రానికి సులువుగా అందుతాయి. ఫిన్లాండ్‌లో రూపొందిన ఫినోలా అలాంటిదే.