దినచర్య - బాలల తలనొప్పి

తెలుగువారి నిత్యవ్యవహారంలో 'తలనొప్పి' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి వ్యాధి లక్షణం. రెండవది చిక్కు, చికాకు. తేలని పనిని, తెగని తగవును 'పెద్ద తలనొప్పి' అనటం పరిపాటి. మాట ఇంత తేలికగా వాడుకలో నలగటం వల్లనో ఏమో, నిజంగా తల నొస్తున్నదని చెప్పే పిల్లల మాటకు ఇళ్ళలో తగిన విలువ దక్కదు. జ్వరమైతే చేతికి తెలుస్తుంది. గాయమైతే కంటికి కనిపిస్తుంది. తలనొప్పికి మాత్రం చాలా సందర్భాలలో అనుభవించేవారి మాటే సాక్ష్యం. అందువల్లనే 'బడి ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తు' అనే నింద బాలలకు తరచుగా ఎదురవుతుంది. ఆ నింద ఎంతవరకు న్యాయమో తేల్చుకోవటానికి 2020లో ప్రపంచాన్ని చుట్టుముట్టిన కోవిడ్ మహమ్మారి ఊహించని రీతిలో అవకాశం కల్పించింది.

ముందుగా తలనొప్పి స్వరూపాన్ని తెలుసుకోవాలి. మెదడుకు స్వయంగా నొప్పిని గ్రహించే శక్తి లేదు. మెదడును కప్పి ఉండే పొరలు, అక్కడి రక్తనాళాలు, తల, మెడ కండరాలు - వీటిలోని నాడులే నొప్పిని తెలియజేస్తాయి. వీటిలో ముఖ్యమైనది త్రిధార నాడి. పిల్లలలో తరచుగా కనిపించే తలనొప్పులు రెండు. మొదటిది పార్శ్వపునొప్పి. దీనినే మైగ్రేన్ అంటారు. పేరును బట్టి ఇది తలలో ఒక పక్కనే వస్తుందనుకుంటారు కాని, పిల్లలకు నుదుటి మీద, రెండు కణతలలోను రావటం సాధారణం. పెద్దలలో కంటె తక్కువ సేపు, ఒక్కొక్కసారి రెండు గంటలు మాత్రమే ఉండవచ్చు. వెలుతురును, శబ్దాన్ని సహించలేకపోవటం, కడుపులో తిప్పటం, వాంతి కావటం దీని లక్షణాలు. రెండవది ఒత్తిడి తలనొప్పి. ఇందులో తల చుట్టూ పట్టీ బిగించి కట్టినట్లు ఉంటుంది.

పార్శ్వపునొప్పికి లోనయ్యే స్వభావం చాలావరకు వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది. అయితే లోపల దాగిన ఆ స్వభావం ఎప్పుడు మేల్కొంటుందన్నది దినచర్య మీద ఆధారపడి ఉంటుంది. నిద్ర తగ్గటం, భోజనవేళ తప్పటం, నీరు చాలకపోవటం, తీవ్రమైన వెలుతురు, ఆందోళన - ఇవన్నీ దానిని రేకెత్తిస్తాయి. తలనొప్పికీ రోజు గడిచే తీరుకూ సంబంధం ఉందని ప్రాచీన వైద్యులు కూడ గమనించారు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో చెప్పిన పదకొండు శిరోరోగాలలో 'సూర్యావర్తం' ఒకటి. సూర్యోదయంతో మొదలై, ప్రొద్దెక్కిన కొద్దీ పెరిగి, ప్రొద్దు వాలిన కొద్దీ తగ్గే నొప్పికి ఆ పేరు పెట్టారు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25 నుంచి మన దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. దానికి కొద్దిరోజుల ముందే బడులు మూతపడ్డాయి. లేచే వేళ, తినే వేళ, ఆడే వేళ, పడుకొనే వేళ - పిల్లల జీవితంలో అన్నీ ఒక్కసారిగా మారిపోయాయి. ఒక దేశంలోని పిల్లలందరి దినచర్యను ఒకేసారి మార్చి, ఫలితమేమిటో చూడటం ఏ శాస్త్రజ్ఞునికీ సాధ్యం కాదు. చేయదగిన పని కూడ కాదు. మహమ్మారి ఆ పనిని ఎవరి అనుమతి లేకుండానే చేసింది.

ఐరోపా దేశాలలో మొదట తీవ్రంగా దెబ్బతిన్నది ఇటలీ. అక్కడి బడులు 2020 మార్చి మొదటి వారంలోనే దేశవ్యాప్తంగా మూతపడ్డాయి. తలనొప్పికి చికిత్స పొందుతున్న 5 నుంచి 18 సంవత్సరాల వయసు గల 707 మంది పిల్లల స్థితిని ఆ దేశంలోని పలు కేంద్రాల వైద్యులు విచారించి, అదే సంవత్సరం ఫలితాలను ప్రకటించారు. భయం, బందిఖానా వంటి జీవనం కారణంగా నొప్పులు పెరిగి ఉంటాయని ఎవరైనా అనుకొంటారు. అందుకు భిన్నంగా చాలామందికి నొప్పి తగ్గింది. చదువు శ్రమ, దానికి సంబంధించిన ఆందోళన తగ్గటమే ఇందుకు ప్రధాన కారణమని తేలింది. నివారణకు మందులు వాడేవారికీ, వాడనివారికీ ఈ విషయంలో చెప్పుకోదగిన తేడా లేదు. నొప్పి ఎక్కువగా ఉన్న పిల్లలకే ఉపశమనం కూడ ఎక్కువగా కలిగింది.

బడి లేకపోతే నొప్పి తగ్గిందంటే అది నటనే కదా అని కొందరికి తోచవచ్చు. బరువైన మూటను దింపితే కూలివాని భుజం నొప్పి తగ్గుతుంది. అంతమాత్రాన అతడు అంతవరకు నటించాడని అనలేము. తెల్లవారుజామున బలవంతంగా లేవటం, ఉపాహారం తినకుండా పరుగెత్తటం, పరీక్షల భయం - ఇవి శరీరం మీద నిజంగా పనిచేసే బరువులు. పైగా నటన అనే వాదానికి తరువాత జరిగిన చరిత్ర కూడ అడ్డువస్తుంది. మొదట తగ్గిన నొప్పి అందరిలో అలాగే నిలవలేదు.

మహమ్మారి నెలల తరబడి సాగింది. బడి తలుపులు మూసి ఉన్నా, చదువు సెల్‌ఫోన్ తెర మీదికి వచ్చింది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని పిల్లల ఆసుపత్రి వైద్యులు తలనొప్పితో తమ వద్దకు వచ్చే 107 మందిని విచారించి 2022లో ఫలితాలు ప్రకటించారు. వారిలో దాదాపు సగం మంది మహమ్మారి మొదలైన తరువాత తమ నొప్పి ఎక్కువైందని చెప్పారు. విడవకుండా నిత్యం తలనొప్పితో బాధపడేవారి సంఖ్య కూడ పెరిగింది. ఆటపాటలు తగ్గటం, తెర ముందు గడిపే కాలం, ఆందోళన పెరగటం వారిలో కనిపించాయి. ఈ రెండు పరిశీలనలూ వేరువేరు దేశాలకు, వేరువేరు కాలాలకు సంబంధించినవి. వాటిని పక్కపక్కన ఉంచి చూస్తే, పిల్లవాడు ఇంట ఉన్నాడా, బడిలో ఉన్నాడా అన్నదాని కంటె అతని రోజు ఎలా గడుస్తున్నదన్నదే ముఖ్యమని బోధపడుతుంది.

తెలుగు రాష్ట్రాల పిల్లల రోజు కూడ ఆ కాలంలో ఇలాగే మారింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఆ బాధ్యత వహించింది. అనేక విద్యాసంస్థలు సెల్‌ఫోన్‌లోనే తరగతులు నడిపాయి. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం 'ప్రజ్ఞాత' పేరుతో మార్గదర్శకాలు వెలువరించి, ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు రోజుకు రెండు, తొమ్మిది నుంచి పన్నెండవ తరగతి వరకు నాలుగు ఆన్‌లైన్ తరగతులకు మించరాదని, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలు మాత్రమే ఉండాలని సూచించింది. అయితే తరగతి ముగిసినా ఫోన్ చేతిలోనే మిగిలింది. బడిగంటతో పాటు మధ్యాహ్న భోజనవేళ కూడ పోయింది. పరీక్షలు జరుగుతాయో లేదో తెలియని సందిగ్ధం, ఆత్మీయులను పోగొట్టుకొన్న దుఃఖం పిల్లల మనసులను కలచివేశాయి.

తెర ఒక్కటే తలనొప్పికి కారణమని చెప్పటం సరికాదు. అది కొన్ని అలవాట్లను వెంటబెట్టుకొని వస్తుంది. దగ్గరి వస్తువును అదేపనిగా చూసేటప్పుడు రెప్పపాటు తగ్గి కన్నులు అలసిపోతాయి. వంచిన మెడ కండరాలు బిగుసుకొంటాయి. రాత్రివేళ తెర వెలుతురు కంటబడితే, నిద్రవేళను సూచించే మెలటోనిన్ అనే హార్మోన్ విడుదల ఆలస్యమవుతుంది. నిద్ర వెనక్కి జరిగితే మరునాటి ఉదయం, ఉపాహారం, ఆట అన్నీ గాడి తప్పుతాయి.

కోవిడ్‌కు సంబంధించిన అంతర్జాతీయ అత్యవసర స్థితి 2023 మే 5న ముగిసింది. బడులు, కళాశాలలు తెరుచుకొన్నాయి. తెల్లవారకముందే మొదలై రాత్రి దాకా సాగే చదువు గంటలు తిరిగి వచ్చాయి. ఆ కాలంలో అలవాటైన ఫోన్ కూడ చాలామంది చేతిలో నిలిచిపోయింది. ఇప్పటి విద్యార్థికి రెండు బరువులూ కలిసి వచ్చాయి. కనుక దినచర్యను చక్కదిద్దుకోవటం అత్యవసరం. 13 నుంచి 18 ఏళ్ళ వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. సెలవు రోజులలో కూడ నిద్రవేళ పెద్దగా మారకూడదు. ఉదయపు ఉపాహారం మానరాదు. తగినంత నీరు త్రాగాలి. తెరను చూసేటప్పుడు 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడటం కన్నులకు విశ్రాంతి. నొప్పి వచ్చిన తేది, వేళ, ముందురాత్రి నిద్ర, తిన్న ఆహారం ఒక పుస్తకంలో వ్రాసుకొంటే వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది. నొప్పి మాత్రలను తోచినట్లు మింగరాదు. నెలకు 15 రోజులు, అంతకు మించి మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పికి కారణం కాగలవు.

కొన్ని లక్షణాలు కనిపించినప్పుడు క్షణం ఆలస్యం చేయరాదు. హఠాత్తుగా వచ్చిన భరించరాని నొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకోవటం, నిద్రలేవగానే నొప్పితో వాంతులు, చూపు మసకబారటం, నడక తూలటం, కాలుసేతులు పట్టు తప్పటం, మూర్ఛ, తలకు దెబ్బ తగిలిన తరువాత వచ్చే నొప్పి - వీటికి వెంటనే వైద్య సహాయం అవసరం.

వీటన్నింటి కంటె ముందు చేయవలసినది పిల్లల మాటను వినటం. తల నొస్తున్నదని చెప్పిన బాలుని గదమాయిస్తే, అతడు నొప్పిని దాచటం నేర్చుకొంటాడు. రాత్రి ఎప్పుడు నిద్రపోయాడో, ఉదయం ఏమి తిన్నాడో, దేనికి భయపడుతున్నాడో అడిగితే, నొప్పికి మూలం తెలుస్తుంది. తరగతిలో పక్కన కూర్చున్న మిత్రుడు కణతలు నొక్కుకొంటున్నప్పుడు అతనిని పరిహసించకుండా, ఆ సంగతి అధ్యాపకునికి తెలియజేయటం తోటి విద్యార్థుల బాధ్యత.