సద్యోవర్ష విచారణ – వేసవి పిడుగువానల ముందస్తు సూచన

వరాహమిహిరుడు (క్రీ.శ. 6వ శతాబ్ది) బృహత్సంహితలో వర్ష విచారణను కాలభేదాన్ని బట్టి విభజించినాడు. మేఘగర్భం నిలిచిన 195 దినాలకు వర్షం ప్రసవమగునని గర్భలక్షణాధ్యాయం చెప్పుచున్నది. ఇది దీర్ఘకాల సూచన. చీమలు గుడ్లను తరలించుట వంటి చిహ్నాలను సద్యోవర్షణాధ్యాయం పేర్కొనుచున్నది. ఇది తాత్కాలిక సూచన. ఆ గణనల ప్రామాణ్యం ఇచట ప్రస్తుతం కాదు. వ్యవధిని బట్టి సూచన మార్గం మారవలెనన్న వివేకమే గ్రాహ్యం. వేసవి పిడుగువానల విషయంలో ఈ వివేకం ప్రాణరక్షణకు సంబంధించినది.

ఈ వానలకు మూడు కారణాలు కలసిరావలెను. అవి క్రింది పొరలలో తేమ, పైపొరలలో చల్లదనం వలన కలిగే అస్థిరత, గాలిని పైకెత్తే ప్రేరణ. మన ప్రాంతంలో మార్చి నుండి జూన్ ఆరంభం వరకు బంగాళాఖాతపు తేమగాలి, వాయవ్యం నుండి వచ్చే వేడి పొడిగాలి ఎదురుపడినచోట ఈ ప్రేరణ తరచుగా ఏర్పడును. అపుడు క్యుములోనింబస్ మేఘం పది కిలోమీటర్లకు మించి ఎదుగును. దానిలోని మంచు కణాలు పరస్పరం ఒరసికొనగా విద్యుదావేశం వేరుపడి పిడుగగును.

ఏ జిల్లాలలో ఇట్టి వానకు అవకాశమున్నదో ఒకటి రెండు దినాల ముందే చెప్పవచ్చును. కాని ఒక్కొక్క మేఘం విస్తృతి కొద్ది కిలోమీటర్లు. ఆయువు సాధారణంగా గంటకు లోపు. కనుక ఏ ఊరిపై పడునో ముందునాడు చెప్పుట సాధ్యం కాదు. అందుకే భారత వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ల ఆధారంతో రాబోవు మూడు గంటలకు వేరుగా సూచన వెలువరించుచున్నది. ఇదియే నేటి సద్యోలక్షణం.

ప్రమాద స్వరూపం ప్రాంతాన్ని బట్టి మారును. వంగ, ఒడిశా ప్రాంతాలలో కాలవైశాఖి ఈదురుగాలులు ముఖ్యం. వాయవ్య భారతంలో ధూళితుఫాను ముఖ్యం. 2018 మే 2న రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో వీచిన గాలివానకు వందమందికి పైగా మరణించినారు. తెలుగు నేలపై మామిడి రాలుట, కల్లాలలో ధాన్యం తడియుట ఆర్థిక నష్టాలు కాగా, పొలం కూలీలు, పశువుల కాపరులు పిడుగుకు బలియగుట ప్రాణనష్టం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశమంతటా పిడుగుపాటుకు 2,887 మంది మరణించినారు.

కాబట్టి సూచన సిద్ధమగుటతో కార్యం ముగియదు; బయలున ఉన్నవానికి అది మూడు గంటల లోపల చేరవలెను. చేరనిచోట ఉరుమే సూచన. మెరుపు కనిపించిన పిమ్మట ముప్పది సెకన్లలోపు ఉరుము వినిపించినచో మేఘం సుమారు పది కిలోమీటర్ల లోపల ఉన్నదని అర్థం. అపుడు చెట్టు నీడ ఆశ్రయం కాదు, అపాయస్థానం. పక్కా ఇంటిని చేరి, చివరి ఉరుము తరువాత అరగంట వరకు బయటికి రాకుండుటయే కర్తవ్యం.