మష్రూమ్ కోరల్ పెంపకం: అపోహలు – వాస్తవాలు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లలో చాలామంది మొదట కొనే పగడం మష్రూమ్ కోరల్. ‘చావదు, దానంతటదే పెరుగుతుంది’ అని దానికి పేరు. ఆ పేరు చాలావరకు నిజమే. చిక్కల్లా దాన్ని అతిగా పట్టించుకోవడంతోనే వస్తుంది: లైటు పెంచడం, నీటిని మరీ శుభ్రం చేసేయడం, తొందరపడి కోయడం. దీనికి కావలసింది రోజూ ఒకేలా ఉండే నీరు, కాస్త ఓపిక.

అపోహ: ఇది సముద్రపు మొక్క.

వాస్తవం: ఇది జంతువు. పళ్లెంలాంటి శరీరం, మధ్యలో ఒకే నోరు, కింద రాతిని పట్టుకునే పాదం. తిండి లోపలికి పోయేదీ, వ్యర్థం బయటికి వచ్చేదీ ఆ నోటి గుండానే. ట్యాంకుల్లో ఎక్కువగా కనిపించేవి డిస్కోసోమా, రోడాక్టిస్, రికార్డియా. రాతి పగడాలకు దగ్గరి చుట్టాలే అయినా ఇవి సున్నపు అస్థిపంజరం కట్టుకోవు. మష్రూమ్‌లు మాత్రమే ఉన్న ట్యాంకులో కాల్షియం ద్రావణాలు పోయాల్సిన పని దాదాపు ఉండదు.

అపోహ: మష్రూమ్ అని అమ్మేవన్నీ ఒకటే.

వాస్తవం: ఫంజియా జాతి పగడాలనూ మష్రూమ్ కోరల్ అనే పిలుస్తారు. అవి గట్టి అస్థిపంజరం ఉన్న రాతి పగడాలు. మన దేశంలో 2001లో రాతి పగడాలన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. మన సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. మెత్తటి మష్రూమ్ కొన్నా, అది అతుక్కున్న రాయి మన పగడపు దిబ్బల నుంచి విరిచి తెచ్చింది కాకూడదు. ట్యాంకులోనే పెంచి, చిన్న సిరామిక్ బిళ్ల మీద అతికించి ఇచ్చేవాళ్ల దగ్గర కొనడం మేలు.

అపోహ: కల్లుప్పు కలిపితే సముద్రపు నీరు తయారు.

వాస్తవం: నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మళ్లను గమనిస్తే సంగతి తెలుస్తుంది. ఎండకు నీరు చిక్కబడే కొద్దీ సున్నం, జిప్సం ముందుగా అడుగున పేరుకుంటాయి. తర్వాత ఉప్పు గింజ కడుతుంది. మెగ్నీషియం ఎక్కువగా ఉండి చేదెక్కిన నీరు మిగిలిపోతుంది, దాన్ని బయటికి వదిలేస్తారు. అంటే చేతికొచ్చిన ఉప్పు చాలావరకు సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటే, అందులో కాల్షియం 400 మిల్లీగ్రాములకు పైగా, మెగ్నీషియం దాదాపు 1,300 మిల్లీగ్రాములు. ఇవన్నీ లెక్క ప్రకారం కలిపిన రీఫ్ సాల్ట్ వాడక తప్పదు.

కలిపే నీరూ ముఖ్యమే. వంటింటి ఆర్‌ఓ యంత్రాల్లో చాలావాటిలో తాగడానికి రుచిగా ఉండాలని కొన్ని లవణాలు మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటుంది. ట్యాంకుకు డీఅయనైజేషన్ రెజిన్ కూడా దాటి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపే నీరు కావాలి. ఎండాకాలం ట్యాంకులో నీరు తగ్గితే పోయాల్సింది కూడా ఈ మంచినీరే, ఉప్పునీరు కాదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర, ఉష్ణోగ్రత 24–26 డిగ్రీల మధ్య నిలకడగా ఉంచాలి. మన వేసవిలో దానికి నీటిని చల్లబరిచే చిల్లరో, నీటిపైకి గాలి కొట్టే ఫ్యానో తప్పదు.

అపోహ: లైటు ఎంత ఎక్కువైతే అంత బాగా పెరుగుతుంది.

వాస్తవం: దీని ఒంట్లో సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి దీనికీ పంచుతాయి. అయితే చాలా రకాలకు మధ్యస్థం కన్నా తక్కువ వెలుతురే సరిపోతుంది. వెలుతురు కొలిచే పార్ మీటరు ఉంటే 50–100 మధ్య చూపే చోటు మంచిది. ఎక్కువైతే ముడుచుకుని పాలిపోతుంది. తక్కువైతే కాడ సాగదీసి గరాటులా పైకి లేస్తుంది. నీటి వేగం కూడా అంతే. అంచులు మెల్లగా ఊగితే చాలు, రెపరెపలాడకూడదు. ప్రవాహం ఎక్కువైన చోట పట్టు వదిలి కొట్టుకుపోయి, పంపులో పడుతుంది.

అపోహ: నీటిలో నైట్రేట్ సున్నా ఉండాలి.

వాస్తవం: నైట్రేట్ లాంటి వ్యర్థాలు బొత్తిగా లేని నీటిలో మష్రూమ్ చిక్కిపోతుంది. లీటరుకు 5–10 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటే దానికి ఇబ్బంది లేదు. అలాగని మురికినీరే కావాలనుకుని నీళ్లు మార్చడం మానేయకూడదు.

అపోహ: దానికి తిండి పెట్టనక్కర్లేదు, అది ఎవరి జోలికీ పోదు.

వాస్తవం: వెలుతురు మీద బతకగలిగినా, వారానికోసారి చిన్న రొయ్య ముక్క అందిస్తే రోడాక్టిస్ లాంటివి త్వరగా పెరుగుతాయి. ‘ఏనుగు చెవి’గా పేరున్న ఆంప్లెక్సిడిస్కస్ అయితే అంచులు దగ్గరికి లాక్కుని బంతిలా మూసుకుపోయి, లోపల చిక్కిన చిన్న చేపను మింగేస్తుంది. పక్క పగడాలకూ ముప్పే. ఎర్ర సముద్రంలో ఐలాట్ తీరాన రోడాక్టిస్ రోడోస్టోమా అంచు టెంటకిల్స్‌ను ఉబ్బించి, తగిలిన రాతి పగడాల కణజాలాన్ని చంపుతూ చోటు ఆక్రమిస్తుంది. అందుకే మష్రూమ్‌లను ఇసుక మధ్యలో, మిగతా రాళ్లకు అంటని విడి రాయి మీద ఉంచాలి.

అపోహ: కోస్తే చస్తుంది. లేదా ఎలా కోసినా బతుకుతుంది.

వాస్తవం: రెండూ సగం సగమే నిజం. అసలు కోయకుండానే ఇది పిల్లలు పెడుతుంది. మెల్లగా జరుగుతూ పాదం నుంచి చిన్న తునకను వెనక వదిలేస్తే, ఆ తునకే కొత్త మష్రూమ్ అవుతుంది. కొన్ని నిలువునా రెండుగా చీలిపోతాయి. ఓపిక పట్టగలిగితే ఇదే మంచి పద్ధతి.

కోయాలనుకుంటే నెలల తరబడి ట్యాంకులో కుదురుకున్న, బాగా విచ్చుకుంటున్న దాన్నే ఎంచుకోవాలి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ట్యాంకు నీరు పోసిన విడి గిన్నెలో కొత్త బ్లేడుతో నోటి మీదుగా ఒక్క వేటున రెండు ముక్కలు చేయాలి. ప్రతి ముక్కకూ కాస్త నోరు, కాస్త పాదం దక్కితే త్వరగా కోలుకుంటుంది. కోత దగ్గర తెల్లటి దారాలు బయటికొస్తాయి. అవి దాని జీర్ణ తంతువులు, కుళ్లు కాదు. జిగురు కారడం ఆగాక ముక్కలను విడిగా తీసిన ట్యాంకు నీటిలో జాడించాలి. ఆ జిగురు వల్లే సూపర్ గ్లూ దీని ఒంటికి అంటదు. రాతి పెంకులు పరిచిన చిన్న డబ్బాలో ముక్కలు వేసి, పైన దోమతెర గుడ్డ కట్టి, నీటి వేగం తక్కువున్న చోట పెడితే ఒకటి రెండు వారాల్లో వాటంతటవే పెంకును పట్టుకుంటాయి. అప్పుడు సూపర్ గ్లూ రాయాల్సింది పెంకుకే. గోధుమరంగు గుజ్జుగా మారి వాసనొచ్చే ముక్క కనిపిస్తే వెంటనే తీసేయాలి.

అపోహ: ఎక్కువైతే సముద్రంలో వదిలేయొచ్చు.

వాస్తవం: పసిఫిక్‌లోని పాల్మీరా పగడపు దీవి దగ్గర 1991లో ఒక చేపల ఓడ దిబ్బ మీదికెక్కి శిథిలమైంది. ఆ శిథిలం చుట్టూ ఒక రోడాక్టిస్ మష్రూమ్ విపరీతంగా పెరిగి, రాతి పగడాలను కప్పేస్తూ వ్యాపించింది. శిథిలం నుంచి నీటిలో కలిసిన ఇనుమే దానికి ఊతమిచ్చిందని శాస్త్రవేత్తల అనుమానం. చివరికి 2013–14లో ఆ ఓడ ముక్కలన్నీ పైకి తీయాల్సి వచ్చింది. సముద్రంలో ఒక మష్రూమ్ అంత పని చేస్తే, ఎక్కడిదో తెలియని ట్యాంకు జీవిని విశాఖ తీరంలో వదలడం ఎంత తప్పో వేరే చెప్పాలా? ఎక్కువైన ముక్కలు తోటి పెంపకందారులకు ఇవ్వండి. చచ్చినవాటిని ఎండబెట్టి చెత్తలో వేయండి. ట్యాంకు నుంచి తీసిన పాత నీటిని సముద్రంలోకి కాక మురుగు కాలువలోకే పంపండి. కంటికి ఆనని పాదం తునక కూడా మరో మష్రూమ్ కాగలదు.