ఒక్క తీగ తెగితే.. కారు కుంటుడే!

ఇంజెక్టరు పోయిందంటారు.. ఈసీయూ మార్చాలంటారు
మీటరు పెట్టి చూస్తే అసలు దొంగ దొరుకుతాడు

హోసూరు: పెళ్లి కుప్పంలో. ముహూర్తం తొమ్మిదిన్నరకు. తెల్లారకముందే హోసూరులో బయలుదేరిన టాక్సీ సూళగిరి దాటి కృష్ణగిరి వైపు పోతుండగా ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టిందనుకుందాం. యాక్సిలరేటరు తొక్కితే బండి ఊపందుకోదు, మూలుగుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ పసుపు రంగులో వెలిగింది. ''ఏమప్పా, బండి ఇట్ల ఎగిరెగిరి పడతా ఉండాది?'' వెనక సీట్లో పెద్దాయన ప్రశ్న. ''మూడు సిలిండర్ల మీదనే పోతా ఉండాది సామీ.. ఒకటి సచ్చిపోయింది'' డ్రైవరు జవాబు.

ఇంతవరకు అనుభవం ఉన్న ఏ డ్రైవరయినా చెప్పగలడు. ఆ ఒక్కటి ఎందుకు చచ్చిందన్న దగ్గరే అసలు చిక్కు. ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కావచ్చు. ఇంజెక్టరు బాగానే ఉండి దానికి కరెంటు అందించే తీగ తెగి ఉండవచ్చు. ఈ చివరి దోషాన్ని పట్టుకోలేక ఇంజెక్టర్లు మార్చి, ఆపైన ఈసీయూ దాకా పోయి చేతులు కాల్చుకున్న యజమానులు తక్కువేం కాదు. ఈసీయూ అంటే ధర అయిదంకెల్లో పలకడం మామూలే. అప్పు మీద తీసుకున్న టాక్సీకి షెడ్డులో గడిచే ప్రతిరోజూ బాడుగ పోతుంది, వాయిదా మాత్రం ఆగదు.

చెవి చాలని కాలం

1980లో టీవీఎస్ 50 మోపెడ్ హోసూరు ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చినప్పుడు దానికి ఉన్నది చిన్న కార్బొరేటరు. జెట్టు విప్పి ఊదితే సగం జబ్బులు పోయేవి. కార్ల మెకానిక్కులదీ అదే విద్య. చెవి ఒగ్గి శబ్దం విని, స్క్రూ పావు తిప్పు తిప్పి ఇంజనును దారికి తెచ్చేవారు. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగియడంతో మారుతి 800కు కూడా ఎంపీఎఫ్ఐ వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 అమలైంది. అప్పటి నుంచి అదే హోసూరు కంపెనీ మోపెడ్ ఎక్స్ఎల్ 100కు సయితం ఇంజెక్టరే. పాలక్యాన్లు మోసే బండికీ ఒక చిన్న కంప్యూటరు వచ్చి కూర్చుందన్నమాట.

ప్రపంచానికి ఇది కొత్త కాదు. జర్మనీ కంపెనీ బాష్ 1967లోనే ఫోక్స్‌వ్యాగన్ కార్లకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమర్చింది. మన షెడ్ల దాకా రావడానికి ముప్పై ఏళ్లు పైగా పట్టింది. అది వచ్చినంత వేగంగా మీటరు పట్టే అలవాటు రాలేదు. అదీ బాధ.

స్విచ్చు ఎర్త్ వైపు!

ఇంజెక్టరు అంటే లోపల తీగచుట్ట ఉన్న బుల్లి కొళాయి. కరెంటు పారితే అయస్కాంతమై సూదిని లేపుతుంది, పెట్రోలు తుంపరగా పడుతుంది. కరెంటు ఆగితే స్ప్రింగు మూసేస్తుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఐడిలింగులో ఒక్కో ఇంజెక్టరు నిమిషానికి 400 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. తెరుచుకుని ఉండేది రెండు మూడు మిల్లీసెకన్లే.

మామూలు పెట్రోలు కారు ఇంజెక్టరుకు రెండే తీగలు. ఇంట్లో లైటుకు స్విచ్చు కరెంటు వైపు ఉంటుంది కదా. ఇక్కడ తలకిందులు. తాళం తిప్పగానే ఫ్యూజు, రిలే మీదుగా 12 వోల్టులు ఒక తీగలోకి వచ్చి సిద్ధంగా నిలబడతాయి. రెండో తీగ ఈసీయూకు పోతుంది. ఈసీయూ ఆ తీగను ఎర్త్‌కు కలిపినప్పుడే ఇంజెక్టరు పని చేస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా వెతుకులాట సగం తేలిక.

ఈసీయూ తన పిన్ను దగ్గర వోల్టేజీని కనిపెట్టుకునే ఉంటుంది. ఎర్త్ ఇవ్వని సమయంలో తీగచుట్ట గుండా బ్యాటరీ వోల్టేజీ అక్కడికి చేరాలి. చేరకపోతే దారి ఎక్కడో తెగిందని గుర్తించి కోడ్ రాసి పెడుతుంది, ఇంజను లైటు వెలిగిస్తుంది.

కోడ్ చూపేది వీధినే

స్టీరింగు కింది సాకెట్టులో స్కానరు పెడితే పీ0201 అని కనిపించిందనుకోండి. ఒకటో సిలిండరు ఇంజెక్టరు సర్క్యూట్లో లోపం అని అర్థం. పీ0202 అయితే రెండోది.. ఇలా చివరి అంకె సిలిండరు నంబరు. ఒకటో సిలిండరు ఏ వైపు ఉందో మోడలును బట్టి మారుతుంది, పుస్తకం చూసుకోవాల్సిందే. పీ0301 వేరే సంగతి. అది ఒకటో సిలిండరు సరిగా మండడం లేదని మాత్రమే చెబుతుంది. అప్పుడు ప్లగ్గు, కాయిల్, కంప్రెషను కూడా చూడాలి.

పొరపాటు జరిగేది ఇక్కడే. పీ0201 కనబడగానే ''ఇంజెక్టర్ పోయిందన్నా'' అనేస్తారు. కోడ్ అన్నది సర్క్యూట్ గురించి. ఇంజెక్టరు, కనెక్టరు, తీగ, ఈసీయూ.. నలుగురూ అనుమానితులే. కోడ్ వీధి పేరు చెప్పింది, ఇంటి నంబరు మనం కనుక్కోవాలి.

ముందు కళ్లు.. తర్వాతే మీటరు

బానెట్ ఎత్తి మొదట చూడాల్సింది ఎలుక పళ్ల గాట్లు. మామిడి తోట పక్కనో, గడ్డివామి దగ్గరో రాత్రంతా నిలిపిన బండి ఇంజను వెచ్చగా ఉంటుంది, ఎలుకకు అంతకంటే మంచి ఇల్లు లేదు. మెత్తని వైరు తొడుగు దానికి కొరకడానికి అనువు. తర్వాత కనెక్టరు క్లిప్పు విరిగి వదులైందా, పిన్నుల మీద పచ్చని చిలుము పట్టిందా చూడాలి. ప్రెషరు పంపుతో ఇంజను కడిగించిన మర్నాడు వచ్చే జబ్బు చాలాసార్లు ఇదే. బయట గ్యాస్ కిట్టు వేయించిన బండయితే అనుమానం ఇంకా ఎక్కువ. పెట్రోలు ఇంజెక్టర్లను ఆపడానికి కిట్టు వాళ్లు ఈ తీగలనే కోసి అతుకులు వేస్తారు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకయితే వేడికి జిగురు కారి, కొన్నాళ్లకు లోపలి రాగి నల్లబడుతుంది.

కంటికి ఏమీ కనబడకపోతే పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజెక్టరు మీద, పిడి చెవి దగ్గర. పనిచేసే ఇంజెక్టరు టిక్ టిక్ మంటుంది. చచ్చింది మౌనం. ఇంజను నడుస్తుండగా ఒక్కో కనెక్టరూ పీకి చూసే పాత అలవాటు కూడా ఉంది. పీకినా ఇంజను తీరు మారని సిలిండరే దోషి. అయితే పీకిన ప్రతిదానికీ ఈసీయూ కొత్త కోడ్ రాసుకుంటుంది. తర్వాత వచ్చే మెకానిక్కు వాటిని చూసి నాలుగూ పోయాయనుకుంటే ఆ తప్పు ఎవరిది?

ఇక మీటరు. తాళం ఆపి, కనెక్టరు తీసి, ఇంజెక్టరు రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవాలి. చాలా పెట్రోలు కార్లలో 12 నుంచి 16 మధ్య ఉంటుంది. నాలుగింటినీ కొలిచి పోల్చడం ఇంకా మేలు. మూడు 14 చూపి ఒకటి అసలేమీ చూపకపోతే లోపలి చుట్ట తెగింది, ఇంజెక్టరు మార్చాలి. నాలుగూ సమానంగా ఉంటే ఇంజెక్టరు జోలికి పోనక్కర్లేదు. కొన్ని చల్లగా ఉంటే బాగుండి వేడెక్కాక తెగుతాయి. అందుకే బండి వణికే సమయంలోనే ఇంకోసారి కొలవడం మంచిది.

తర్వాత తాళం వేసి కనెక్టరులో వోల్టులు చూడాలి. ఒక తీగలో 12 రావాలి. కొన్ని మోడళ్లలో తాళం తిప్పిన రెండు సెకన్లే వస్తుంది, సెల్ఫ్ కొడుతూ చూసుకోవాలి. నాలుగింటికీ రాకపోతే ఫ్యూజో రిలేనో. ఒక్కదానికే రాకపోతే ఆ కొమ్మ తెగింది.

కరెంటు వస్తోందా? అయితే మిగిలింది ఈసీయూ వైపు. కనెక్టరులో నాయిడ్ లైటు గుచ్చి సెల్ఫ్ కొడితే అది మిణుకు మిణుకుమనాలి. ఆపకుండా వెలిగితే ఆ తీగ ఎక్కడో బాడీకి తగులుతోంది. అసలు వెలగకపోతే బ్యాటరీ తీసి, ఈసీయూ ప్లగ్గు విప్పి, ఆ పిన్ను నుంచి ఇంజెక్టరు కనెక్టరు దాకా తీగను కొలవాలి. ఒక ఓమ్ లోపు రావాలి. కొలుస్తూ తీగను అక్కడక్కడా వంచి ఊపాలి. అంకె ఎగిరి పడిన చోటే దొంగ దాక్కున్నట్టు. ఇవన్నీ బాగున్నాయని తేలాకే ఈసీయూను అనుమానించాలి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. పెద్ద బల్బు టెస్టు ల్యాంపును ఈసీయూ తీగకు తగిలిస్తే లోపలి ట్రాన్సిస్టరు కాలవచ్చు, లేని జబ్బు తెచ్చిపెట్టినట్టవుతుంది. ఇంజెక్టరుకు నేరుగా బ్యాటరీ పెట్టి పట్టుకుంటే చుట్ట మాడిపోతుంది. డీజిల్ కామన్ రైలు, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు బండ్లకు ఈ లెక్కలేవీ పనికిరావు. వాటి ఓమ్‌లు వేరు, వోల్టేజీ ఎక్కువ, నడుస్తున్న ఇంజనులో ముట్టుకోవడం ప్రమాదం.

అతుకు బాగుంటేనే

తెగిన తీగను మెలిపెట్టి టేపు చుడితే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. అదే మందం తీగ తీసుకుని టంకం వేయాలి, లేదా మంచి స్లీవుతో క్రింపు చేయాలి. పైన వేడికి ముడుచుకునే తొడుగు ఎక్కించి, సైలెన్సరు మానిఫోల్డుకు దూరంగా కట్టాలి. ఇంజెక్టరే మార్చాల్సి వస్తే ముందు లైనులో పెట్రోలు ప్రెషరు తగ్గించుకోవాలి. విప్పిన చోట కొత్త ఓ-రింగులు వేయాలి. పాతవే వేస్తే వేడి ఇంజను మీద పెట్రోలు కారుతుంది, అక్కడ పొదుపు పనికిరాదు. చివర్లో కోడ్ చెరిపి, బండిని రోడ్డెక్కించి, తిరిగి రాలేదని చూసుకోవాలి.

''వణుకుతానే పోనీలే, సాయంత్రం చూపిద్దాం'' అనుకోవడం కూడా ఖరీదయిన మాటే. చచ్చిన సిలిండరులోంచి మండని గాలి సైలెన్సరులోకి పోతుంది. ఆక్సిజన్ సెన్సరు దాన్ని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, ఈసీయూ మిగతా మూడింటికీ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, క్యాటలిటిక్ కన్వర్టరు కాగిపోతుంది. ఇంజను లైటు ఆరి ఆరి వెలుగుతుంటే బండిని పక్కన ఆపడమే.

బిల్లు మీద అంకె రాయించండి

హోసూరు షెడ్డులో తెలుగు, తమిళం, కన్నడం మూడూ నడుస్తాయి. మీటరు అంకె మూడింట్లోనూ ఒకటే. ఇంజెక్టరు మార్చాలని చెబితే ఓమ్‌లు ఎంత వచ్చాయని అడగవచ్చు, మిగతా మూడు ఎంతున్నాయో బిల్లు మీద రాయించుకోవచ్చు, తీసేసిన సామాను చేతికి ఇమ్మనవచ్చు. పని తెలిసిన మెకానిక్కు దీనికి నొచ్చుకోడు. అంకె చెప్పలేని చోట ఈసీయూ మాట వస్తే ఇంకో షెడ్డు వెతుక్కోవడమే నయం.

ఆ పెళ్లి టాక్సీ సంగతి. దోషం ఎలుక కొరికిన తీగ దగ్గరే అయితే కావాల్సింది రెండంగుళాల వైరు, ఒక తొడుగు, తెలిసిన చెయ్యి. కృష్ణగిరిలో అవి దొరికితే తాళి కట్టే వేళకు కాకపోయినా, మొదటి బంతి భోజనాలకు కుప్పం చేరవచ్చు.